వచ్చే మహమ్మారికి జిల్లాను సిద్ధం చేయు విధానం

సార్, ఛార్జి తీసుకున్న రోజే ‘ఇంకోసారి కరోనా లాంటిది వస్తే మన తయారీ ఏంటి?’ అని అడిగారని అటెండర్ చెప్పాడు. అడగరాని ప్రశ్నేం కాదు గానీ, మొదటి వారంలో అడిగేది కాదు. మొదటి వారంలో భద్రకాళి దర్శనం చేసుకోవాలి, క్వార్టర్‌కు రంగులు వేయించుకోవాలి, ఎమ్మెల్యేలకు బొకేలు ఇచ్చి రావాలి. అయినా అడిగారు కాబట్టి చెప్పడం నా ధర్మం. ఈ ఆఫీసులో ఆఫీసర్లు మారుతుంటారు, నేనూ నా బీరువా మారం. కరోనా మూడు అలలూ ఈ కుర్చీలోంచే చూశాను. వరంగల్‌లో మహమ్మారిని ఎదుర్కొనే పద్ధతులు కింద రాస్తున్నాను. వీటిని పాటించిన ఏ ఆఫీసర్‌కూ ఇంతవరకు మెమో రాలేదు. జనానికి ఏమైందంటారా, అది వేరే సెక్షన్ చూస్తుంది.

ముందు ‘రాదు’ అనండి

జబ్బు మన దాకా రాదు అని చెప్పడానికి ఖర్చు లేదు, టెండర్ అక్కర్లేదు, ఆడిట్ అభ్యంతరం ఉండదు. 2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల నోటా పారాసిటమాల్ పేరు వినపడింది. ఆంధ్ర వైపు బ్లీచింగ్ పౌడర్ కూడా తోడైంది. మన ఎండలకు వైరస్ బతకదన్న మాట కూడా అప్పుడే ఊరూరా తిరిగింది. రెండో అల సరిగ్గా 2021 ఏప్రిల్, మే నెలల్లో, ఎనుమాముల యార్డులో హమాలీలు పొద్దెక్కకముందే మిర్చి బస్తాలు దించేసి నీడకు పోయే రోజుల్లో వచ్చింది. వస్తే రానీయండి. మాట వెనక్కి తీసుకోవద్దు. ఎండ చాల్లేదని చెప్పవచ్చు.

ఇంకో ఆయుధం అదృష్టం. డబ్ల్యూహెచ్‌వో అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి అని ప్రకటించింది 2020 జనవరి 30న. మేడారం జాతర జరిగింది ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు. మన హన్మకొండ మీదుగా బస్సులు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, కార్లు, మేడారం దగ్గర జంపన్నవాగులో నిలబడడానికి జాగా లేదు. తెలంగాణలో తొలి కేసు బయటపడింది మార్చి 2న. నెల అటూ ఇటూ అయి ఉంటే ఏమయ్యేదో కాగితం మీద లెక్క వేసిన వాళ్లెవరూ నాకు కనపడలేదు. మీరూ వేయకండి. ఆ నెల రోజుల తేడాను ‘ముందస్తు చర్యలు’ అన్న పద్దు కింద రాసుకోండి. ఆ పద్దు విప్పి చూసిన ఆడిటర్ ఇంకా పుట్టలేదు.

ప్లాన్‌లో ఇంకో వాక్యం తప్పనిసరిగా ఉండాలి: ‘రెండు ఆపదలు ఒకేసారి రావు.’ 2020 ఆగస్టు నడిమిన కుండపోతగా వాన పడి వరంగల్, హన్మకొండలో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఇంట్లోనే ఉండండి, ఎడం పాటించండి అని అయిదు నెలలుగా మైకుల్లో చెప్పిన నోటితోనే, ఇంట్లో ఉండకండి, అందరూ వచ్చి ఒకే హాల్లో పడుకోండి అని చెప్పాల్సి వచ్చింది. పునరావాస శిబిరానికి విడిగా కరోనా ప్లాన్ ఉందా అని ఎవరైనా అడిగితే, వరద ఫైలు రెవెన్యూ వాళ్ల దగ్గర ఉందని చెప్పండి. కరోనా ఫైలు అడిగితే వరద డ్యూటీలో ఉన్నామని చెప్పండి. నయీంనగర్ నాలా ఎప్పుడు పొంగినా ఈ జవాబు పనికొస్తుంది.

లెక్క పెరగకుండా చూసుకునే పద్ధతి

కేసులు తగ్గించడానికి మందు అక్కర్లేదు. పరీక్షలు తగ్గిస్తే చాలు. కాకతీయ మెడికల్ కాలేజీలో వైరాలజీ ల్యాబ్ ఉంది. ఆర్‌టీపీసీఆర్ చేస్తుంది, నిజం చెబుతుంది. దాంతో వచ్చిన చిక్కే అది. యాంటిజెన్ కిట్ అలా కాదు. అరగంటలోపే రిజల్టు, పైగా జబ్బున్న వాళ్లలో కొందరికి లేదని కూడా చెప్పి పంపుతుంది. అలా లేదని వచ్చినా దగ్గు, జ్వరం ఉంటే ఆర్‌టీపీసీఆర్ చేయాలని ఐసీఎంఆర్ రాసింది. రాసింది నిజమే గానీ, చదవమని ఎవరూ బలవంతం చేయలేదు. పీహెచ్‌సీకి రోజుకు ఇన్నే కిట్లని పంపండి. పొద్దున ఆరింటికి చెప్పులు వరసలో పెట్టి జనం చెట్టు కింద కూర్చుంటారు. పదకొండింటికి ‘ఇవాళ్టికి అయిపోయినయ్’ అని బోర్డు. మిగిలిన చెప్పులు రేపటి లెక్కలోకి వస్తాయి, రాకపోతే ఇంకా మంచిది. పరీక్షలు పెంచమని హైకోర్టు 2020లోనూ, 2021లోనూ మళ్లీ మళ్లీ అడిగింది. ‘పెంచుతున్నాం’ అని వర్తమాన కాలంలో అఫిడవిట్ వేయాలి. భూతకాలం వాడితే అంకె అడుగుతారు.

చావుల లెక్క ఇంకా సున్నితం. షుగర్ ఉన్నాయన కరోనాతో పోతే షుగర్‌తో పోయాడు. బీపీ ఉన్నామె పోతే బీపీతో పోయింది. ఏమీ లేనాయన పోతే గుండెపోటు. ఇంత జాగ్రత్తగా ఉన్నా సుప్రీంకోర్టు యాభై వేల పరిహారం ఇవ్వమనేసరికి మన పద్దు బయటపడింది. 2022 జనవరి నాటికి తెలంగాణలో అధికారికంగా కరోనా మరణాలు నాలుగు వేల దగ్గర ఉంటే, పరిహారం దరఖాస్తులు పాతిక వేలు దాటాయి. కోర్టు నిర్వచనాన్ని పెద్దది చేసింది, పరీక్షలో తేలిన 30 రోజుల్లో పోయినా లెక్కే అంది, అందుకని పెరిగాయి అని సమాధానం ఉంది. అందులో కొంత నిజం కూడా ఉంది. కాని సార్, నిర్వచనం పెద్దదయితే కొత్తగా ఎవరూ చచ్చిపోరు కదా. పోయిన వాళ్లు ముందే పోయారు, మన రిజిస్టర్‌లోకి ఆలస్యంగా వచ్చారు. వచ్చేసారి పరిహారం జీవో రాకుండా చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

వైరస్ డ్యూటీ టైమింగ్స్

2021 ఏప్రిల్ 20 నుంచి రాత్రి కర్ఫ్యూ పెట్టారు, తొమ్మిది నుంచి తెల్లారి అయిదు వరకు. ఏప్రిల్ 30న గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికలు, 66 డివిజన్లు. దీన్నిబట్టి వైరస్ రాత్రి షిఫ్టులో పనిచేస్తుందని, పగలు పాదయాత్రల్లో, డప్పుల మధ్య, బిర్యానీ పాకెట్ల దగ్గర దానికి సెలవని శాస్త్రీయంగా తేలింది. పోలింగ్ బూత్ ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీయించండి. జనం గుండ్రంలో కాకుండా గుండ్రాల మధ్య నీడలో నిలబడతారు. ఫొటో మాత్రం పొద్దున ఏడింటికే తీయించుకోవాలి. ఓట్ల లెక్కింపు మే 3న, లాక్‌డౌన్ మే 12న. మధ్యలో విజయోత్సవాలకు సరిపడా వ్యవధి ఇచ్చారు. ఎన్నికలు వాయిదా వేయాలని ఎవరైనా అంటే ప్రజాస్వామ్యం అనండి. పోలింగ్ డ్యూటీ చేసిన టీచర్లకు జ్వరమొస్తే అది ఎలక్షన్ కమిషన్ సబ్జెక్టు అనండి.

అప్పుడే, మే 1న, ఆరోగ్య శాఖ మంత్రి చేతిలోంచి ముఖ్యమంత్రి చేతికి వెళ్లింది. అల నడినెత్తిన ఉండగా శాఖే చేతులు మారింది. మధ్యలో మీ బదిలీ గురించి బెంగపడకండి.

ఆక్సిజన్ గురించి, కాస్త వివరంగా

దీని మీద ఎక్కువ రాస్తాను. ఎందుకంటే ఇక్కడ కూడికలు, భాగహారాలు వచ్చిన ఆఫీసర్ వస్తే మా అందరికీ కష్టం.

మీరు ప్రెస్‌మీట్‌లో చెప్పాల్సిన మాట ‘ఆక్సిజన్ పడకలు’. గోడకు పైపు, పైపు చివర నాజిల్ ఉంటే అది ఆక్సిజన్ పడక. ఆ పైపులో గాలి ఎంత వేగంతో వస్తోంది, ఎంతసేపు వస్తుంది అన్నవి పడక కింద చూడాల్సిన విషయాలు, పైకి చెప్పేవి కావు. జంబో సిలిండర్ అని మనవాళ్లు అనేదాంట్లో ఏడు వేల లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. ఊపిరి బాగా అందని మనిషికి సంచి ఉన్న మాస్కు పెడితే నిమిషానికి పదిహేను లీటర్లు పోతుంది. అలాంటి వాళ్లు వార్డులో ఇరవై మంది ఉంటే నిమిషానికి మూడు వందల లీటర్లు. అంటే ఇరవై మూడు నిమిషాలకు ఒక సిలిండర్ ఖాళీ. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఇరవై ఒక్క సిలిండర్లు మార్చాలి. హై ఫ్లో యంత్రం పెడితే ఒక్క మనిషికే నిమిషానికి అరవై లీటర్ల దాకా లాగుతుంది. ఒక సిలిండర్ రెండు గంటలు కూడా రాదు.

మార్చేదెవరు? ఏ దవాఖాన వెనకైనా మానిఫోల్డ్ గది ఒకటి ఉంటుంది. రేకుల కప్పు, గోడకు గొలుసులతో కట్టిన సిలిండర్లు, రెండు వరసలు. ఒక వరస వాడుతుంటే ఇంకో వరస నిండుగా ఉండాలి. గేజ్ ముల్లు ఎర్ర గీత వైపు జారుతుంటే కాపలా మనిషి లేచి ఖాళీ దాన్ని విప్పాలి. విప్పడానికి కీ కావాలి. చిన్న ఇనుప ముక్క, జేబులో పట్టేంత. రాత్రి షిఫ్టులో మనిషి ఒక్కడే ఉంటాడు. సిలిండర్‌ను అడుగు మీద వాల్చి గుండ్రంగా దొర్లిస్తూ తెస్తాడు, ఎందుకంటే ట్రాలీ చక్రం పోయి ఉంటుంది. బిగించాక వాషర్ దగ్గర సుయ్‌మని చప్పుడొస్తే సబ్బునురగ రాసి చూస్తాడు. వాషర్ పది రూపాయల వస్తువు. కొనాలంటే ఇండెంట్ పెట్టాలి. అందుకని టేపు చుడతాడు. ఈ మనిషి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి, జీతం మూణ్నెల్లకోసారి. పైనున్న ఇరవై మంది ప్రాణం అతని నిద్ర మీద ఆధారపడి ఉంది. అతని పేరు మన సన్నద్ధత ప్లాన్‌లో ఏ పేజీలోనూ లేదు. అలాగే ఉండనివ్వండి. పేరు రాస్తే జీతం అడుగుతాడు, జీతం ఇస్తే రెండో మనిషిని అడుగుతాడు.

లిక్విడ్ ట్యాంకు ఉంటే ఈ దొర్లించే పని తప్పుతుందంటారు. నిజమే. ఒక లీటరు లిక్విడ్ దాదాపు 860 లీటర్ల వాయువు అవుతుంది. పది వేల లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే 86 లక్షల లీటర్లు. వినడానికి ఎంత బాగుందో చూడండి, ఈ అంకె ప్రెస్‌మీట్‌కు పనికొస్తుంది. మూడు వందల మందికి నిమిషానికి పది లీటర్ల చొప్పున ఇస్తే అది రెండు రోజులకు వస్తుంది. ఈ రెండో అంకె పనికిరాదు. ట్యాంకర్ ఎక్కడినుంచి రావాలి, దారిలో ఎన్ని గంటలు, డ్రైవర్‌కు బదులు డ్రైవర్ ఉన్నాడా, ఇవన్నీ అడగకుండా ఉండలేకపోతే తలుపేసుకుని అడగండి. 2021 ఏప్రిల్ 23న బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లు వాయుసేన విమానమెక్కి ఒడిశా వెళ్లాయి. ఖాళీవే ఎగురుతాయి, నింపినవి నేల మీదే రావాలి. అయినా విమానం ఫొటో ఎంత ధైర్యమిచ్చిందో! అంతకు ముందు రోజే మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయల్దేరింది. గాలి తయారయ్యేది ఇనుము కాచే చోట, అవసరమయ్యేది ఇంకెక్కడో. ఈ దూరాన్ని ముందే కొలిచి పెట్టుకుంటే విమానం ఫొటో మిస్సయ్యేవాళ్లం.

తిరుపతి రుయా ఆసుపత్రిలో 2021 మే 10 రాత్రి ట్యాంకర్ రావడం ఆలస్యమై పైపులో ఒత్తిడి పడిపోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 11 మంది పోయారు. ఆలస్యం గంటల్లో కాదు, నిమిషాల్లో. ట్యాంకులో ఎంత మిగిలితే గంట మోగాలి, మోగితే ఎవరు లేవాలి, లేచినవాడికి ఎవరి ఫోన్ నంబర్ ఉండాలి అని ఆ రాత్రి తర్వాత ప్రతి జిల్లా రాసుకోవాల్సింది. మనం సంతాపం రాశాం. సంతాపానికి ఫార్మాట్ ఉంది.

ఆ తర్వాత ఊరూరా పీఎస్ఏ ప్లాంట్లు వచ్చాయి. గాల్లోంచి నైట్రోజన్‌ను పక్కకు లాగి ఆక్సిజన్‌ను 93 శాతం దాకా చిక్కపరిచే యంత్రం. మంచిదే. కాని అది తిరగాలంటే కరెంటు ఉండాలి, కరెంటు పోతే జనరేటర్, జనరేటర్‌కు డీజిల్, కంప్రెసర్‌కు ఆయిల్, ఫిల్టర్లు, ఏఎంసీ, అన్నిటికీ మించి దాన్ని నడపడం తెలిసిన మనిషి ఉండాలి. కాబట్టి ప్రారంభోత్సవం రోజు నడిపించి, శిలాఫలకానికి పూలదండ వేసి, గది తాళం స్టోర్‌లో ఇవ్వండి. ఆపరేటర్ పోస్టు మంజూరు కోసం ఫైలు పెట్టకండి. యంత్రానికి నిధులు ఒకసారి వస్తాయి, మనిషికి ప్రతి నెలా కావాలి. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా పరిపాలన మీకు అదే వచ్చేస్తుంది.

కట్టండి, కూల్చండి, కట్టండి

2021 మే 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చి కోవిడ్ వార్డులో రోగులతో మాట్లాడారు. ఆ రోజే దగ్గర్లోని సెంట్రల్ జైలుకూ వెళ్లారు. నిజాం కాలంలో, 1886లో కట్టిన జైలు అది. ఖైదీలను వేరే జైళ్లకు పంపి, గోడలు పడగొట్టి, నెల తిరిగేసరికి జూన్ 21న అక్కడ 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. రాష్ట్రంలో కరోనా నిబంధనలు 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద వచ్చాయి. బొంబాయి ప్లేగు కాలంలో తెల్లవాళ్లు చేసింది. జైలు ఆ చట్టం కన్నా పదకొండేళ్లు పెద్దది. జైలును కూల్చారు, చట్టాన్ని ఉంచారు. ఇందులో నాకు తప్పేమీ కనపడదు, చట్టం స్థలం ఆక్రమించదు కదా.

మూడో అల వచ్చి పోయింది. 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని డబ్ల్యూహెచ్‌వో చెప్పింది. అప్పటికీ జైలు స్థలంలో క్రేన్లు తిరుగుతూనే ఉన్నాయి. వరంగల్‌కు పెద్దాసుపత్రి అక్కర్లేదని నేననను. ఆదిలాబాద్ వైపునుంచి, భూపాలపల్లి నుంచి, ఖమ్మం నుంచి వచ్చేవాళ్లకు ఎంజీఎమ్మే దిక్కు. దానికి తోడు కావలసిందే. నా సలహా మాత్రం ఒకటే, భవనాన్ని మహమ్మారి సన్నద్ధత కింద చూపించండి, నర్సుల్ని చూపించకండి. నర్సుల్ని అల వచ్చినప్పుడు ఔట్‌సోర్సింగ్‌లో తీసుకుని అల తగ్గగానే తీసేయాలి. 2021 జూలైలో అదే జరిగింది. వాళ్లు హైదరాబాద్‌లో రోడ్డెక్కారు. ఏడాదికి పైగా వెంటిలేటర్ల దగ్గర రాత్రులు నిలబడి పని నేర్చుకున్న వాళ్లు. ఆ నేర్పు వాళ్లతోపాటే గేటు దాటి వెళ్లింది. దానికి స్టాక్ రిజిస్టర్‌లో కాలమ్ లేదు కాబట్టి ఏమీ పోనట్టే.

2022 మార్చి చివర్లో ఎంజీఎం ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికాయన్న వార్త దేశమంతా తిరిగింది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు. ఎలుకలకు ఆర్డర్ కాపీ అందిందో లేదో.

పొరపాటున పనిచేసినవి, మళ్లీ చేయకూడనివి

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. కానీ దాస్తే మీరే కనిపెడతారు.

2021 మేలో ఇంటింటి జ్వరం సర్వే జరిగింది. ఆశా, ఏఎన్‌ఎం, మున్సిపల్ మనిషి కలిసి గల్లీ గల్లీ తిరిగి, ఒళ్లు వెచ్చగా ఉన్నవాళ్లకు పరీక్ష రిజల్టు కోసం ఆగకుండానే మందుల కిట్ చేతిలో పెట్టారు. శివనగర్ దిక్కు ఒక ఇంటి ముందు నేను చూసింది చెబుతాను. ఆశా భుజానికి సంచి, మెడలో ఐడీ కార్డు, చేతిలో ఆక్సీమీటర్. గడప మీద ఒక పెద్దమ్మ అడ్డం కూర్చుంది.

‘మా ఇంట్ల ఎవ్వలకు జెరం లేదు బిడ్డా, పో.’ లోపల దగ్గు వినపడుతూనే ఉంది.

ఆశా రిజిస్టర్ తెరవలేదు. అరుగు మీద కూర్చుంది. ‘సరే పెద్దమ్మా, కోడలు ఐరన్ గోలీలు మింగుతుందా? ఏడో నెల కదా’ అంది. కోడలు గురించి కాసేపు. టీకాల కార్డు గురించి కాసేపు. నీళ్లు అడిగి తాగింది. అప్పుడు పెద్దమ్మే గొంతు తగ్గించి, ‘మీ పెదనాయినకు మూడొద్దుల సంది ఒళ్లు కాలుతంది. రాస్కపోతే వాళ్లచ్చి బండిల ఎక్కిచ్చుకపోతరని చెప్పలే’ అంది. ఆశా లోపలికి పోయి ముసలాయన వేలికి ఆక్సీమీటర్ తగిలించింది. మొదట అంకె రాలేదు, వేలు చల్లగా ఉందని రెండు చేతులతో రుద్దింది. 93. నడిపించి చూస్తే 90. ఫోన్ తీసి నంబర్ నొక్కుతూనే, ‘పెద్దమ్మా, ఎవ్వలు ఎత్తుకపోరు. నేను ఎంబడి వస్త’ అంది.

సార్, ఆ ‘ఏడో నెల కదా’ అన్న మాట ఏ యాప్‌లోనూ ఉండదు. అది గుర్తుండాలంటే ఆమె ఏడేళ్లుగా అదే గల్లీలో తిరిగి ఉండాలి. తిరిగితే మనం ఇచ్చేది పారితోషికం, జీతం కాదు. జీతం అడిగితే కలెక్టరేట్ ముందు టెంటు వేసుకోనివ్వండి. 2022 మేలో భారతదేశపు ఆశాలకు డబ్ల్యూహెచ్‌వో గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. మీరు శాలువా కప్పండి. శాలువాకు కంటింజెన్సీలో పద్దు ఉంది.

జ్వరం సర్వే జరిగిన 2021 మే చివర్లోనే ఇంకో తెలివైన పని జరిగిపోయింది. రేషన్ డీలర్లు, గ్యాస్ బండ్ల వాళ్లు, పెట్రోల్ బంకుల వాళ్లు, కూరగాయలమ్మే వాళ్లు, ఆటోవాళ్లు, అంటే నలుగురితో పని పడేవాళ్లందరికీ ముందుగా టీకాలు వేశారు. వయసు చూడకుండా, రోజుకు ఎందరిని తాకుతారో చూసి వేయడం. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ మంచి లెక్క. ఇలాంటివి రికార్డు కాకుండా చూసుకోవాలి. రికార్డయితే వచ్చేసారి మొదటి వారంలోనే చేయమంటారు, అప్పుడు జాబితా ఎవరు తయారు చేయాలి?

ప్రైవేటు వారితో సంబంధాలు

2020 జూన్‌లో సర్కారు ప్రైవేటు ఆసుపత్రుల్లో కరోనా వైద్యానికి ధరలు నిర్ణయించింది. మామూలు ఐసోలేషన్‌కు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000. ఎంత చవకో! పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు ఇందులోకి రావని కూడా అక్కడే రాశారు. ఆ ఒక్క వాక్యంలోంచి ఎన్ని లక్షలు నడిచిపోయాయో పొలం అమ్ముకున్నవాళ్లు చెప్పాలి. జీవోను లామినేట్ చేయించి క్యాష్ కౌంటర్ దగ్గర తగిలించమని ఆదేశించండి. దాని మీద పెద్ద క్యాలెండర్ తగిలించుకోవద్దని మాత్రం ఆదేశించకండి.

ఊళ్లో అసలు మొదటి దవాఖాన ఆర్‌ఎంపీ. నర్సంపేట దిక్కు, పరకాల దిక్కు జ్వరమొస్తే ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. సెలైన్ ఆయనే పెడతాడు, స్టెరాయిడ్ సూది ఆయనే వేస్తాడు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు డెక్సామెథసోన్ ప్రాణం పోస్తుందని 2020 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తేల్చారు, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు కనపడలేదని కూడా వాళ్లే చెప్పారు. మొదటి సగం ఊళ్లకు వాట్సాప్‌లో చేరింది. రెండో సగం చేర్చాల్సింది మనం. షుగర్ ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు, మొదటి రోజు నుంచే సూదులు పడ్డాయి. పెద్ద ఆసుపత్రుల్లో కూడా తక్కువేం పడలేదు, ఆర్‌ఎంపీలనే అనడం అన్యాయం. తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది. 2021 మే 20న దాన్ని నోటిఫై చేశారు. కన్ను వాచిన మనిషి నూట నలభై కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పోవాల్సి వచ్చింది. ఆర్‌ఎంపీని పిలిచి, ఆక్సీమీటర్ చేతికిచ్చి, ‘ఈ అంకె దిగితే సూది వేయకుండా ఈ నంబర్‌కు ఫోన్ చెయ్’ అని చెప్పడం పెద్ద పని కాదు. కాని అలా పిలిస్తే ఆయన ఉన్నట్టు ఒప్పుకోవాల్సి వస్తుంది. మన రికార్డుల ప్రకారం ఆయన లేడు. లేని మనిషికి ట్రైనింగ్ ఎలా ఇస్తాం?

ప్రజలకు విడిగా చిట్కాలు అక్కర్లేదు, వాళ్లకు వచ్చు. మాస్కు గడ్డానికి పెట్టుకున్నారు, పోలీసును చూసి ముక్కుకు లాగారు, వెయ్యి రూపాయల జరిమానా తప్పించుకున్నారు. కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకు నాటుమందు ఇస్తున్నాడంటే వేలమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. రెమ్‌డెసివిర్ వాడొద్దని డబ్ల్యూహెచ్‌వో 2020 నవంబర్‌లోనే చెప్పినా, ఆరు నెలల తర్వాత దానికోసమే మందుల షాపుల చుట్టూ తిరిగారు. చీటీ రాసింది డాక్టర్లు కాబట్టి జనాన్ని ఏమనగలం.

ఆఖరున, మాక్ డ్రిల్

2022 డిసెంబర్ 27న, మళ్లీ 2023 ఏప్రిల్ 10, 11 తేదీల్లో దేశమంతా మాక్ డ్రిల్స్ చేశారు. చెప్పి చేసే డ్రిల్ చాలా ప్రశాంతంగా ఉంటుంది. తేదీ ముందే తెలుసు కాబట్టి ముందు రోజు జనరేటర్‌లో డీజిల్ పోయించవచ్చు, సిలిండర్లకు రంగు వేయించవచ్చు, స్ట్రెచర్ మీద పడుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న అటెండర్‌ను ఎంపిక చేయవచ్చు. చెప్పకుండా, రాత్రి రెండింటికి కరెంటు తీసి చూద్దామని గతంలో ఒక యువ డాక్టర్ అన్నాడు. చురుకైన పిల్లవాడు. డిప్యుటేషన్ మీద ఏటూరునాగారం పంపారు.

2020లో తయారుచేసిన జిల్లా ప్లాన్ నా బీరువా మూడో అరలో ఉంది. అందులో ‘వరంగల్ అర్బన్’ అని ఉన్న చోటల్లా ‘హన్మకొండ’ అని, ‘వరంగల్ రూరల్’ అని ఉన్న చోటల్లా ‘వరంగల్’ అని కంప్యూటర్ అబ్బాయి మార్చేశాడు. ఫోన్ నంబర్ల అనుబంధంలో ఇద్దరు రిటైరయ్యారు, ఒకాయన రెండో అలలో పోయారు. ఆ పేజీ తీసేశాం. మీరు చివరి పేజీలో సంతకం పెడితే స్కాన్ చేసి పంపుతాం, ఎందుకంటే రేపు పదకొండింటికి సన్నద్ధత మీద వీడియో కాన్ఫరెన్స్ ఉంది సార్. లింకు మీ డ్రైవర్ ఫోన్‌కు వచ్చింది.